వెనకాల నిలబడేవాడు

ఆయన పోయిన సంగతి నాకు ధర్మవరంలోని ఒక పట్టుచీరల కొట్టు శావుకారి వాట్సాప్ స్టేటస్ వల్ల తెలిసింది. ఫొటో చుట్టూ పూలదండ, కింద రెండు దీపాలు, ఇంకాస్త కింద కొట్టు ఫోన్ నంబరు. నడుమ పెద్ద అక్షరాలతో "మా జట్టు గోల్స్ వీరుడు, జమైకా సోదరునికి అశ్రునివాళి" అని ఉంది. ఫొటోలో ఆయన అవతలి జట్టు గోల్ ముందు నిలబడి బంతిని తన్నబోతున్నాడు.

అశ్రువుల సంగతి నాకు తెలియదు. గోల్స్ సంగతి తెలుసు. మా దగ్గర ఉన్న రెండు నెలల్లో ఆయన ఒక్క గోల్ కొట్టలేదు. కొట్టే ఉద్దేశమూ లేదు. ఆయన డిఫెండరు. జమైకాలో మొదలుపెట్టి నాలుగు పరాయి దేశాల్లో, మంచు పడేచోటా ఉక్కపోసేచోటా, ఆయన చేసిన పనల్లా ఎదుటివాళ్లను గోల్ కొట్టనివ్వకపోవడం. నలభై దాటిన కొద్దిరోజులకే సొంత ఊళ్లో గుండె ఆగి పోయాడట. పోయిన మనిషి వచ్చి తన వృత్తి ఏమిటో దిద్దుకోలేడు కాబట్టి, ఆ పని నేను చేస్తున్నాను.

ఆయన పేరు రాయను. రాస్తే శావుకారి దాన్ని కూడా స్టేటస్‌లో తప్పుగా పెడతాడు.

ఆయన మా ఊరికి రావడానికి కారణం హిందూపురం. అంతకు ముందు ఏడాది టోర్నమెంటులో హిందూపురం జట్టు బెంగళూరులో చదువుకునే ఒక ఆఫ్రికా కుర్రాణ్ణి తెచ్చి మా మీద నాలుగు గోల్స్ కొట్టించింది. మా జట్టును పోషించే శావుకారికి అది చీరల నాణ్యత మీద మాటలా తగిలింది. బెంగళూరులో ఎవరినో పట్టుకున్నాడు. మోకాలికి ఆపరేషన్ అయి, క్లబ్బు వదిలేసిన జమైకా ఆటగాడు ఒకడున్నాడని వాళ్లు ఫొటో పంపారు. ఆరడుగుల పైన మనిషి, తలుపంత భుజాలు. శావుకారి ఫొటో చూసి సరే అన్నాడు. ఏ స్థానంలో ఆడతాడని ఎవరూ అడగలేదు. మనవాళ్లు పెళ్లిచూపుల్లో కూడా ఇంతకన్నా రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు.

నేను అప్పుడూ ఇప్పుడూ హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని. ఉండేది ధర్మవరం, తిరిగేది ప్యాసింజరు రైలు. మా నాయన మగ్గానికి పట్టు ఇచ్చేది ఈ శావుకారే. కాబట్టి ఆయన "సారూ, ఆయప్పకి మీరే తోడుండల్ల" అన్నప్పుడు అది విన్నపంలా వినిపించినా విన్నపం కాదు. ఆ రకంగా నేను దుబాసీనీ, మ్యాచ్‌లకు మైకు పట్టుకునేవాణ్ణీ, మేడమీది గదిలో అతిథి ఉన్నవాణ్ణీ ఒక్కరోజులో అయ్యాను.

మొదటి మూడు రోజులు ఆయన ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఎం.ఏ. ఇంగ్లీషు కాబట్టి తప్పు ఆయనదే అనుకున్నాను. మా అవ్వకు మాత్రం మొదటిరోజే అంతా అర్థమైపోయింది. అవ్వ వసారాలో కూర్చుని కండెలకు పట్టు చుట్టుకుంటూ తెలుగులో మాట్లాడేది. ఆయన మెట్ల మీద కూర్చుని తన భాషలో మాట్లాడేవాడు. గంటలు గంటలు. ఒకరోజు అవ్వను అడిగాను, ఏమంటాడు అని.

"వాళ్ళమ్మకి మోకాళ్ళు నొప్పులంట. నా మాదిరే నూనె పట్టిస్తాదంట. ఈయప్ప ఫోన్ చేస్తే నొప్పి లేదని అబద్ధం చెప్తాదంట" అంది.

నమ్మలేక ఆయన్ని అడిగాను. అక్షరాలా నిజం. ఆ తర్వాత మా ఇంట్లో నా ఎం.ఏ. ప్రస్తావన ఎవరూ తేలేదు.

తిండి విషయంలో మా జట్టువాళ్లు ఒక వేడుక ఏర్పాటు చేసుకున్నారు. బస్టాండు ఎదురుగా హోటల్లో బొరుగుల ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి, ఫోన్లు తెరిచి చుట్టూ నిలబడ్డారు. ఆయన ఆరు బజ్జీలు తిని, వీటిలో కారంవి ఏవైనా ఉన్నాయా అని నన్ను అడిగాడు. ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోయాయి.

ఆ హోటల్లో ఆయన ఎప్పుడూ ఆఖరి బల్ల దగ్గర, గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. రైల్లోనూ పెట్టె చివరి సీటే. తన వెనక ఎవరైనా ఉంటే ఆయనకు ముద్ద దిగేది కాదు. అందరూ కళ్లెదుట ఉండాలి. ఎనిమిదేళ్లుగా అదే ప్యాసింజర్లో తిరుగుతున్నా నేనెన్నడూ గమనించని ఒక ఆట ఆయన కనిపెట్టాడు. నిండుగా ఉన్న పెట్టెలో ఎవరు వచ్చే స్టేషన్లో దిగుతారో ముందే చెప్పేవాడు. "ఆ పచ్చ చీరావిడ" అనేవాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ తీరిగ్గా కూర్చుని ఉండేది. రెండు నిమిషాల తర్వాత లేచి సంచి అందుకునేది. ఎలా తెలిసిందంటే, "కాళ్లు అబద్ధం చెప్తాయి, కళ్లు అబద్ధం చెప్తాయి. నడుము చెప్పదు. నేను పదిహేడేళ్లుగా జనం నడుములే చూస్తున్నాను" అన్నాడు. ఈ మాటను కాస్త మెల్లగా చెప్పమని కోరాను. పెట్టెలో కాలేజీ అమ్మాయిలు కూడా ఉన్నారు.

ఏ దేశం వెళ్లినా ముందు మూడే మాటలు నేర్చుకుంటానని చెప్పాడు. 'నాది', 'వదిలెయ్', 'వెనక్కి రా'. వెనకాల నిలబడి ఆడేవాడికి అంతకు మించి భాష అక్కర్లేదట. మిగతాదంతా గోల్ కీపర్ తిట్ల ద్వారా దానంతటదే వస్తుందట. నేను ఆయనకు మా వైపు మాటలే రాసిచ్చాను: నాది, ఇడిసిపెట్టు, ఎనక్కి రా. ఆయన వాటితో మైదానంలోనే కాదు, ఊరంతా కాపురం చేశాడు. అవ్వ మూడో సంగటిముద్ద వేయబోతే చేయి అడ్డుపెట్టి "ఇడిసిపెట్టు అవ్వా" అనేవాడు. ఆటో మీదికి వస్తుంటే నన్ను చొక్కా పట్టి లాగి "ఎనక్కి రా" అనేవాడు. రైలు ప్లాట్‌ఫారం మీద టీ తాగాక నేను జేబులో చేయి పెడితే "నాది" అనేవాడు. ఇంతకన్నా ఎక్కువ తెలుగు వచ్చినవాళ్లు ఇంతకన్నా తక్కువ మర్యాదగా బతకడం నేను చూశాను.

ఇక అసలు గొడవ మొదటి ప్రాక్టీసు రోజే వచ్చింది. శావుకారి ఆయన్ని చేయి పట్టుకుని తీసుకెళ్లి మైదానం ముందు భాగంలో, దేవుడి పటం తగిలించినంత జాగ్రత్తగా నిలబెట్టాడు. విజిల్ ఊదగానే ఆయన వెనక్కి తిరిగి, నింపాదిగా నడుచుకుంటూ, మన గోల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమి సారూ, ఆయప్ప ఎనక్కి పోతాండాడు? దావ తప్పినాడా?" అన్నాడు శావుకారి.

"తప్పలేదు సార్. ఆయన స్థానం అదే. డిఫెండరు."

"అంటే?"

"గోల్ పడకుండా ఆపుతాడు."

శావుకారి మన గోల్ వైపు చేయి చూపించాడు. "సముద్రాలు దాటి వచ్చింది ఎనకాల నిలబడేకా? ఎనకాల నిలబడేకి మనోళ్లు లేరా? మా బావమరిది లేడా?"

ఆయన బాధలో న్యాయం ఉంది. మా వైపు డిఫెన్సు అంటే ఒక స్థానం కాదు, ఒక మొహమాటం. ఆట రాదు గానీ కాదనలేని వాళ్లందరినీ అక్కడ నిలబెడతాం. బంతి కొనిచ్చినవాడు, జెర్సీలు కుట్టించినవాడి తమ్ముడు, శావుకారి బావమరిది. ఈ బావమరిది పొద్దస్తమానం కొట్లో పరుపు మీద కూర్చుని చీరలు మడతవిప్పే మనిషి. తొంభై కిలోలు. మంచివాడు. పక్కనుంచి ఎవరైనా బంతితో పరుగెత్తితే, బస్సు దాటిపోతే చూసినట్టు తల తిప్పి చూసేవాడు.

చివరికి ఒక రాజీ కుదిర్చాను. ప్రతి మ్యాచ్‌లో మొదటి ఐదు నిమిషాలు ఆయన ముందు నిలబడతాడు. శావుకారి ఫొటోలూ వీడియోలూ తీసుకుంటాడు. ఐదు నిమిషాలు కాగానే ఆయన వెనక్కి వచ్చేస్తాడు. స్టేటస్‌లోని ఫొటో ఆ ఐదు నిమిషాల్లోదే. ఇన్ని దేశాల్లో ఆడాను గానీ ఫొటోల కోసం వేరే స్థానం ఉన్న జట్టును ఇదే చూడటం అని ఆయన అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు.

ఆయన ఆటలో చూడటానికి ఏమీ ఉండేది కాదు. దూకడం, కింద జారిపడి బంతిని లాక్కోవడం, అరవడం, ఏదీ లేదు. మా నేలంతా గరుకురాళ్లు, అందుకే జారడం లేదేమో అనుకుని అడిగాను. "జారాల్సి వచ్చిందంటే అప్పటికే నేను ఆలస్యంగా వచ్చానని అర్థం" అన్నాడు. ఆయన ముందే వచ్చి నిలబడి ఉండేవాడు. బంతితో వచ్చినవాడు ఈయన్ని చూసి, వేరే దారి వెతుక్కుని, ఆ దారి కూడా ఈయనే చూపించాడని కాస్త ఆలస్యంగా గ్రహించేవాడు. పక్కనున్న బావమరిదిని చొక్కా పట్టుకుని, బీరువాను జరిపినట్టు, రెండడుగులు ఇటు, ఒక అడుగు అటు జరిపేవాడు.

హిందూపురంలో లీగు మ్యాచ్‌లు ముగిశాక పెనుకొండలో, కొండ కింద మైదానంలో సెమీఫైనల్ జరిగింది. ఒక్క గోల్ తేడాతో గెలిచాం. మా గోల్ దగ్గరికి బంతి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఆయనే తీసుకొచ్చి కీపర్‌కి ఇచ్చాడు. తిరుగు ప్రయాణంలో రైలు ఖాళీగా ఉంది. ఆయన చివరి సీట్లో మోకాలి మీద తడి తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. బెంగళూరు నుంచి ఫోన్ వచ్చిందని చెప్పాడు. అక్కడి ఇంకో క్లబ్బుకు సీజనంతా ఆడే డిఫెండరు కావాలట. వాళ్ల మనిషి ఒకాయన ధర్మవరంలో ఫైనల్ చూడటానికి వస్తాడట. నచ్చితే ఒక ఏడాదికి సంతకం. నచ్చకపోతే నెలాఖరుకు వీసా అయిపోతుంది, ఇంటికి విమానం ఎక్కాలి.

"నీకు ముప్పై మూడే కదా, ఇంకోటి వస్తుంది" అన్నాను.

"ముప్పై మూడు కాగితం మీద. నిజానికి ముప్పై ఆరు" అన్నాడు. "ఇంకోటి రాదు. నాకు పెద్ద కోరికలేం లేవు. ఇంకొక్క సీజన్ ఆడి, చివరి మ్యాచ్ ఇదీ అని ముందే తెలిసి ఆడి, ఆపేయాలని ఉంది. చాలామందికి ఏది చివరిదో తర్వాతెప్పుడో తెలుస్తుంది."

నేను లేచి ఆయన తువ్వాలు మళ్లీ తడిపి తెచ్చాను.

ఫైనల్ హిందూపురం జట్టుతోనే. పొద్దున్నే శావుకారి మా ఇంటికి వచ్చాడు. మగ్గం దగ్గర మా నాయన లేచి నిలబడ్డాడు.

"సారూ, ఈ పొద్దు ఐదు నిమిసాలు కుదర్దు. మ్యాచంతా ఆయప్ప ముందరే ఉండల్ల. గోల్స్ వర్షం అని ఊరంతా ఫ్లెక్సీలు ఏసినా. నా మర్యాద ఏంగావల్ల?"

"సార్, ఈరోజు ఆయన్ని చూడటానికి బెంగళూరు నుంచి క్లబ్బు మనిషి వస్తున్నాడు. డిఫెండరుగా చూడటానికి."

"చూడనీ. గోల్ కొడ్తే ఇంగా బాగుంటాది గదా! కొట్టేవాణ్ణి ఎవడన్నా ఒద్దంటాడా?"

ఈ వాదానికి జవాబు లేదు. అంటే, ఉంది. మా నాయన మగ్గం మీద సగం నేసిన చీర ఆ శావుకారిదే కాబట్టి నా నోటికి రాలేదు. మేడ మీదికి వెళ్లి ఉన్నదున్నట్టు అనువదించాను. దుబాసీ ధర్మం అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆయన విని, "ఫ్లెక్సీలు నిజంగా వేశాడా?" అని అడిగాడు.

"వేశాడు."

"పెద్దవా?"

"బస్టాండు కనపడటం లేదు."

కాసేపు మోకాలు నిమురుకున్నాడు. "ఆయన నన్ను పిలిచి అన్నం పెట్టినవాడు. సరే" అన్నాడు.

బెంగళూరు మనిషి టోపీ పెట్టుకుని వచ్చాడు. నాతో చేయి కలిపి, మైదానం అవతలి వైపు షామియానాలో ముందు వరస కుర్చీలో కూర్చున్నాడు. నా మైకు బల్ల ఇవతలి వైపు. ఎండ నా కళ్లలోకి కొడుతోంది.

మొదటి సగం గురించి క్లుప్తంగా చెప్తాను. ముందు నిలబడినవాడికి జనమంతా వెనక ఉంటారు. ఆయన ప్రతి రెండు క్షణాలకూ తల వెనక్కి తిప్పుతూనే ఉన్నాడు. బంతి దొరికిన ప్రతిసారీ అలవాటుకొద్దీ మన గోల్ వైపు తిరిగాడు.

"ఏమబ్బా, గోలు ఆ పక్కనప్పా!" అని ఒకడు అరిచాడు.

"ఆయప్పకి చీర చూపిచ్చండి, ముందుకొస్తాడు!" అని ఇంకొకడు.

ఈలోగా హిందూపురం పదకొండో నంబరు కుర్రాడు, గాలిపటంలా ఉంటాడు, బావమరిది పక్కనుంచి దాటిపోయాడు. బావమరిది బస్సును చూసినట్టే చూశాడు. గోల్ పడింది. మైకులో నేను చెప్పాల్సిన మాటలు చెప్పాను.

హాఫ్ టైమ్ విజిల్ పడగానే బల్ల వదిలేసి శావుకారి దగ్గరికి పరుగెత్తాను. అక్కడ నా జీవితంలోకెల్లా మేలైన అనువాదం చేశాను. దానికి మూలం లేదు.

"సార్, ఆయన ఏమంటున్నాడంటే, వాళ్ల దేశంలో పెద్ద గోల్స్ అన్నీ వెనకనుంచే కొడతారట. దూరం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి కొడితేనే బంతికి ఊపు వస్తుందట. ఈ సగం వెనకనుంచి మొదలుపెడతానంటున్నాడు."

శావుకారి మొహం వెలిగింది. "ముందే చెప్పొచ్చు గదా సారూ!"

అవును, ముందే చెప్పొచ్చు.

రెండో సగంలో ఆయన తన చోటికి వచ్చి నిలబడ్డాడు. అవతలి షామియానా వైపు ఒకసారి, మైదానమంతా ఒకసారి చూసుకున్నాడు. బావమరిదిని రెండడుగులు ఎడమకు జరిపాడు. ఆ తర్వాత ముప్పై ఐదు నిమిషాలు ఏమీ జరగలేదు. నేను చూసిన అన్ని ఆటల్లో ఏమీ జరగకపోవడం అంత బాగా జరిగింది ఆ ఒక్కరోజే. పదకొండో నంబరు కుడినుంచి వచ్చాడు, ఎడమనుంచి వచ్చాడు, ఆగి వచ్చాడు, ఆగకుండా వచ్చాడు. ప్రతిచోటా ఈయన అంతకు ముందే ఉన్నాడు. "నాది" అని వినిపించేది. "ఇడిసిపెట్టు" అని వినిపించేది. ఒకసారి బావమరిది స్వయంగా ఒక బంతిని ఆపి, ఏం చేయాలో తెలియక దాన్ని కాలికింద పెట్టుకుని ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఆయన వచ్చి బావమరిది భుజం తట్టి బంతి తీసుకున్నాడు. మైకులో నేను స్కోరే మళ్లీ మళ్లీ చెప్పాను.

"ఎప్పుడొస్తాడు సారూ, ఎనకనుంచి?" అని శావుకారి రెండుసార్లు అడిగాడు.

"వస్తాడు సార్. దూరం కదా."

చివర్లో పదకొండో నంబరు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, రొప్పుతూ, "అన్నా, ఒక్కసారి ఇడిసిపెట్టన్నా!" అన్నాడు.

ఆయనకు వచ్చిన మూడు మాటల్లో అదొకటి. నవ్వి, "నాది" అన్నాడు.

ఒకటి సున్నాతో ఓడిపోయాం. శావుకారి నాతో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. నేను మాత్రం సంతోషంగానే ఉన్నాను. రెండో సగం చూసినవాడెవడూ ఆయన్ని వదులుకోడు. షామియానా దగ్గరికి వెళ్లాను. ముందు వరస కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీలు సర్దుతున్న మనిషిని అడిగాను.

"టోపీ సారా? హాఫ్ టైమ్‌కే పోయినాడు సార్. బెంగళూరు ట్రైనుకి టైమాయనంట."

నా అబద్ధం ముప్పై ఐదు నిమిషాలు ఆలస్యమైంది. పొద్దున మగ్గం దగ్గరే శావుకారికి చెప్పి ఉంటే సరిపోయేది. నిజం చెప్పి ఒక మనిషికి ఇంత నష్టం నేను అంతకు ముందూ చేయలేదు, తర్వాతా చేయలేదు.

ఆయన మైదానం చివర నీళ్లకుళాయి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తలమీద నీళ్లు పోసుకున్నాడు. ఎలా చెప్పాలో తెలియక, నడుస్తున్నంతసేపూ ఇంగ్లీషులో వాక్యాలు కట్టుకున్నాను. దగ్గరికి వెళ్లాక ఒక్కటీ నిలబడలేదు.

"ఆ మనిషి..." అన్నాను.

"తెలుసు. వెళ్లిపోయాడు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. రెండో సగానికి దిగగానే చూశాను. కుర్చీ ఖాళీ."

"మొదటే చూశావా?"

"మొదటే."

ముప్పై ఐదు నిమిషాల ఆట నా కళ్లముందు మళ్లీ మొదటినుంచి తిరిగింది. అడగకూడదని తెలిసీ అడిగాను. "మరి అంతసేపు, ఆ మోకాలితో, ఎవరి కోసం ఆడావు?"

ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. నా ఇంగ్లీషు తప్పేమో అన్నట్టు చూసి, నాకోసం మెల్లగా, విడివిడిగా చెప్పాడు.

"ఆయన వెళ్లిపోయాడు. ఆ పదకొండో నంబరు వెళ్లలేదు కదా."

అని, వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. ముడులు తడిసి బిగుసుకుపోయాయి. ఒక్కో ముడి గోటితో తీస్తున్నాడు. నేను పక్కన గట్టు మీద కూర్చున్నాను. సాయం చేయనా అని అడగలేదు. ఆయనా తొందరపడలేదు.